రహీం పోలీసులు, మార్క్వెజ్ పసుపు చొక్కాలు

హైదరాబాద్ ఫుట్‌బాల్ ముచ్చట వస్తే పాతబస్తీ పెద్దలు సయ్యద్ అబ్దుల్ రహీం పేరెత్తుతారు. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మనోలో మార్క్వెజ్ అంటారు. ఇద్దరూ ఒకప్పుడు ఆటగాళ్లే, కానీ ఆటగాళ్లుగా వాళ్లనెవరూ గుర్తుపెట్టుకోలేదు. రహీం ఉస్మానియాలో చదువుకుని ఊళ్లో క్లబ్బులకు ఆడిన బడిపంతులు. మార్క్వెజ్ బార్సిలోనాలో పుట్టి, స్పెయిన్ కింది డివిజన్లలో ఆడి, కోచింగ్‌లోకి వచ్చినవాడు. పేరొచ్చింది ఇద్దరికీ గీత బయట నిలబడ్డాకే.

ట్రోఫీలు లెక్కబెడితే పోటీయే లేదు. రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957, 1961ల్లో మన పోలీసులదే. మార్క్వెజ్ హైదరాబాద్ ఎఫ్‌సీకి తెచ్చిపెట్టింది ఒక్కటే, 2021–22 ఐఎస్ఎల్ టైటిల్. అంతమాత్రాన తీర్పు చెప్పేస్తే కోచ్‌ల గురించి మనం ఏమీ తెలుసుకోనట్టే. ఎవరి చేతిలో ఏముందో చూడాలి.

రహీం చేతిలో ఊరంతా ఉంది. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి ఆయనే. సిటీ పోలీస్ కోచ్ ఆయనే. 1950 నుంచి దేశం జట్టు కోచ్ కూడా ఆయనే. పోటీ పెట్టేదీ, దాని నియమం రాసేదీ, అందులోంచి కుర్రాణ్ణి ఏరేదీ ఒకే మనిషి. అందుకే మరెవరికీ సాధ్యంకాని పనులు చేశాడు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదని నియమం పెట్టి టోర్నమెంట్లు నడిపాడు. బంతి కాలికి తగలగానే ఇచ్చెయ్యాలి. ఇవ్వాలంటే తీసుకోవడానికి ఇంకొకడు ముందే పరిగెత్తి ఉండాలి. అంటే బంతి లేనివాడికి కూడా పని పడింది. గల్లీలో ముగ్గురిని తప్పించి మురిసిపోయే పిల్లాడికి ఇంతకన్నా కఠినమైన బడి ఉండదు. రెండో కాలితో మాత్రమే ఆడాలనే పోటీలూ పెట్టాడు. కుడికాలివాడు మ్యాచ్ మొత్తం ఎడమకాలితో తంటాలు పడాల్సిందే. ఉపన్యాసాలతో ఆ అలవాటు అబ్బదు. అసోసియేషన్ తన చేతిలో ఉన్న కోచ్‌కే అది కుదురుతుంది.

మార్క్వెజ్‌కి అసోసియేషన్ లేదు, బడి లేదు, చివరికి ఊరు కూడా లేదు. 2020లో ఆయన వచ్చేనాటికి జట్టు తొలి సీజన్‌లో పదింట పదో స్థానంలో నిలిచి ఉంది. కరోనా వల్ల ఆయన మొదటి రెండు సీజన్లూ మొత్తం గోవా బయోబబుల్‌లోనే జరిగాయి. టైటిల్ గెలిచిన ఏడాది ఆ జట్టు గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఒక్క లీగ్ మ్యాచ్ ఆడలేదు. రహీం పోలీసులు కూడా పెద్ద పేరు బొంబాయి కూపరేజ్ మైదానంలోనే సంపాదించారు గానీ, వాళ్లు రైలు దిగితే వచ్చి చేరేది సొంత ఊరికి.

మార్క్వెజ్ చేతిలో ఉన్నదల్లా ఒక్కటే: ఎవర్ని ఆడించాలన్న నిర్ణయం. దాన్ని గొప్పగా వాడాడు. ఇండియన్ యారోస్ నుంచి వచ్చిన 18 ఏళ్ల ఆకాశ్ మిశ్రాని ఎడమ బ్యాక్‌లో పెట్టి, తప్పులు చేసినా తీయకుండా వదిలేశాడు. కుడివైపు ఆశిష్ రాయ్ అదే బాపతు. ముందు వరుసలో ఒగ్‌బెచే 18 గోల్స్ కొట్టాడన్నది నిజమే, కానీ ఆ జట్టు వెనకనుంచి ముందుకు కదిలిందంటే ఈ ఇద్దరి వల్ల. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 0–1తో వెనకబడి ఉండగా 88వ నిమిషంలో గోల్ కొట్టి నిలబెట్టింది బెంచీ మీంచి లేచి వచ్చిన సాహిల్ తవోరా. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3–1.

ఆ పదకొండు మందిలో ఒక్క హైదరాబాదీ లేడు. నాకు ఇది చివుక్కుమంటుంది. రహీం అమ్ముగూడ నుంచి బలరాంని పైకి తెచ్చాడు. పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, నూర్ మహమ్మద్ లాంటి వాళ్లంతా ఈ మట్టి మీద ఆడి పెరిగినవాళ్లు. మార్క్వెజ్ జట్టుకి కట్టిమణి గోవా నుంచి, రాయ్ సిక్కిం నుంచి, మిశ్రా ఉత్తరప్రదేశ్ నుంచి, యాసిర్ మణిపూర్ నుంచి వచ్చారు. కేరళ జట్టుదీ పసుపు చొక్కానే, అది గచ్చిబౌలికి వచ్చినరోజు స్టాండ్లలో ఎవరి పసుపు ఎవరిదో పోల్చుకోవడం కష్టమయ్యేది. ఐటీ కారిడార్ అంటేనే అంత, అందరూ ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్లే. దానికి కోచ్‌ని తప్పుపట్టలేం. ఊళ్లో పిల్లల లీగులు నడవకపోతే స్పెయిన్ నుంచి వచ్చినవాడు తోటలు వేయలేడు.

ఇద్దరూ క్లబ్బునీ దేశాన్నీ ఒకేసారి భుజాన వేసుకున్నవాళ్లే. ఇక్కడ మార్క్వెజ్ తేలిపోయాడు. ఎఫ్‌సీ గోవాకి మారాక, 2024 జులైలో భారత జట్టు బాధ్యత తీసుకుని రెండు పడవల మీద కాళ్లు పెట్టాడు. గోవాకి సూపర్ కప్ వచ్చింది, దేశానికి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, అదీ మాల్దీవుల మీద. హాంకాంగ్ చేతిలో ఓడాక 2025లో తప్పుకున్నాడు. రహీంకి ఇదే బరువు 13 ఏళ్లు సరిపోయింది. కారణం ప్రతిభ ఒక్కటే అనను. పోలీసు జట్టు కుర్రాళ్లే దేశం జట్టులోనూ ఉండేవారు, నేర్పిన పాఠం వృథా పోయేది కాదు. పైగా ఆయనకు తప్పులు చేయడానికి టైం దొరికింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10–1తో చిత్తు చేస్తే ఈ కాలంలో ఏ కోచైనా విమానం దిగకముందే ఇంటికి వెళ్లేవాడు. రహీం నిలిచాడు, బూట్లు వేయించాడు, ఫార్వర్డ్‌ల అమరిక మార్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరాడు. 1962లో కేన్సర్‌తోనే జకార్తా ఆసియా క్రీడలకి వెళ్లి దక్షిణ కొరియాని 2–1తో ఓడించి బంగారం తెచ్చాడు. మార్క్వెజ్‌కి దొరికింది ఒక్క ఏడాది.

అయితే ‘మైదాన్’ సినిమా చూసి రహీంకి దండ వేసేవాళ్లు ఒక మాట దాటేస్తారు. అన్నీ ఒకే మనిషి చేతిలో ఉండటం ఆయన బలం, ఊరికి బలహీనత. 1963 జూన్ 11న ఆయన పోయాక ఆ కుర్చీల్లో కూర్చునే రెండో మనిషి తయారుగా లేడు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, మళ్లీ అది మన వైపు రాలేదు. ఇక్కడ పెరిగిన నయీముద్దీన్ కోచ్‌గా 1990లో ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ గెలిపించింది ఈస్ట్ బెంగాల్‌కి, హైదరాబాద్‌కి కాదు. మార్క్వెజ్ వెళ్లాక జరిగిందీ ఇంచుమించు అదే, కాకపోతే ఇంకా వేగంగా. 2023–24లో జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 22 మ్యాచ్‌ల్లో 8 పాయింట్లు. యాజమాన్యం మారింది, 2025 అక్టోబరులో క్లబ్బే పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది.

ఒక్క సీజన్ కోచింగ్ మాటకొస్తే 2021–22 మార్క్వెజ్‌ని ఏ పోలీసు జట్టు ఏడాది పక్కనైనా నిలబెడతాను. మొత్తం మీద మాత్రం రహీందే పైచేయి, అదీ కోచ్ రహీం కన్నా కార్యదర్శి రహీం వల్ల. రేపు గచ్చిబౌలికి మళ్లీ జట్టు తేవాలనుకునే కంపెనీ పెద్దలకు మనవి: విదేశీ కోచ్‌తో సంతకం చేయించేముందు బడిపిల్లల లీగు నడిపే ఒక కార్యదర్శికి జీతం ఇవ్వండి, ఐదేళ్లకు సరిపడా.