కర్త మారింది, క్రియ మారిందా?

వీడియో గేముల గురించి స్త్రీవాద విమర్శ ఇంతవరకూ ఎక్కువగా అడిగిన ప్రశ్న తెర మీద స్త్రీ ఎలా కనిపిస్తోందన్నది. అవసరమైన ప్రశ్నే. ఆ ప్రశ్ననే 2013 నుంచి వరుసగా వీడియో వ్యాసాల్లో అడిగిన అనితా సర్కీసియన్, 2014లో కాల్పుల బెదిరింపు రావడంతో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఇవ్వవలసిన ప్రసంగాన్ని రద్దు చేసుకోవలసి వచ్చింది. ఆ ప్రశ్న ఎంత లోతుగా గుచ్చుకుందో దీన్నిబట్టే తెలుస్తుంది. అయితే కథని చదువుతాం, ఆటని చేతులతో ఆడతాం. కాబట్టి తెరతోపాటు చేతిలో ఉన్న కంట్రోలర్‌ని కూడా మనం చదవాలి. వ్యాకరణం భాషలో చెప్పాలంటే, ఆటలో కర్త ఎవరో తెర చెబుతుంది. ఆ కర్త చేయగలిగిన క్రియలేమిటో కంట్రోలర్ చెబుతుంది.

పాత ఆటల్లో క్రియలు బహు తక్కువ. జపాన్‌లో నామ్కో సంస్థ 1980లో తెచ్చిన ప్యాక్‌మన్‌కి ఉన్నది ఒకే ఒక్క జాయ్‌స్టిక్. బటన్ లేదు. ఆనాటి ఆటశాలలన్నీ గ్రహాంతర జీవుల్ని కాల్చే ఆటలతో, మగపిల్లలతో నిండి ఉండేవని, ఆడవాళ్ళు కూడా రావాలన్న ఉద్దేశంతో 'తినడం' అనే క్రియని ఎంచుకున్నానని దాని రూపకర్త తోరు ఇవతాని చెప్పాడు. ఆడవాళ్ళంటే తిండి ఇష్టం అన్న ఆయన ఊహతో మనకి పేచీ ఉండొచ్చు. కానీ క్రియ మారితే ఆటశాల తలుపు కొత్తవాళ్ళకి తెరుచుకుంటుందన్న సంగతి ఆయన గుర్తించాడు.

తర్వాత వచ్చిన మిజ్ ప్యాక్‌మన్‌ని రిబ్బనూ లిప్‌స్టిక్కూ తగిలించిన మగబొమ్మ అని వెక్కిరించడం తేలిక. ఆడి చూస్తే తేడా తెలుస్తుంది. దారుల పటాలు ఒకటికి నాలుగయ్యాయి. దయ్యాలు ఎటు తిరుగుతాయో ముందే బట్టీపట్టడం కుదరదు. అదే జాయ్‌స్టిక్, అంతకన్నా చురుకైన ఆట.

ఆ కాలంలోనే స్త్రీలు రాసిన ఆటలూ ఉన్నాయి. 1981 నాటి సెంటిపీడ్‌ని డోనా బెయిలీ, ఎడ్ లాగ్‌తో కలిసి అటారీ సంస్థలో తయారుచేసింది. అందులో కర్రకి బదులు అరచేతి కింద దొర్లే బంతి ఉంటుంది. 1982లో కెరోల్ షా, యాక్టివిజన్ కోసం రివర్ రెయిడ్ రాసింది. ఒక కర్ర, ఒక బటన్. నది మీద ఎగిరే విమానానికి దారిలో ఇంధన నిల్వలు కనిపిస్తాయి. వాటి మీదుగా ఎగిరితే ఇంధనం నిండుతుంది, కాలిస్తే పాయింట్లు వస్తాయి. మితిమీరి కాల్చుకుంటూ పోతే విమానం ఇంధనం లేక కూలిపోతుంది. కాల్చడమనే క్రియ ఉన్నచోటే కాల్చకుండా ఉండటం కూడా ఒక క్రియ అయింది. ఒక్క బటన్‌తో ఇంత ఆలోచన సాధ్యమన్నమాట.

పాత ఆటలన్నీ మేలైనవని నేననడం లేదు. 1981లోనే వచ్చిన డాంకీకాంగ్‌లో స్త్రీ ఎత్తుకుపోబడింది, ఆమెకి క్రియే లేదు. 1986 నాటి మెట్రాయిడ్‌లో కవచం ధరించిన యోధ స్త్రీ అని చివర్లో తెలుస్తుంది. కానీ ఆట ఎంత త్వరగా ముగిస్తే ఆమె ఒంటిమీద బట్టలు అంత తగ్గుతాయి. ఆడేవాడి వేగానికి బహుమతి ఆమె శరీరం. అంతసేపూ ఆమెగా ఆడి, చివరికి ఆమెని చూసేవాళ్ళుగా మిగులుతాం.

ఇక చేతిలోకి వద్దాం. 1983 నాటి నింటెండో ఫామికామ్ కంట్రోలర్ మీద నాలుగు దిక్కుల శిలువ, రెండు ముఖ్యమైన బటన్లు ఉండేవి. 1997లో సోనీ తెచ్చిన డ్యూయల్‌షాక్‌కి రెండు బొటనవేళ్ళకీ చెరో కర్ర, ముందు నాలుగు బటన్లు, భుజాల మీద నాలుగు. కర్రల్ని నొక్కితే అవీ బటన్లే. నేటి కంట్రోలర్లన్నీ దాదాపు ఈ అమరికకి వారసులే. ఒక బొటనవేలితో నడుస్తూ, రెండోదానితో చూపు తిప్పుతూ, చూపుడువేలితో కాల్చాలి. ఇది చదవడం నేర్చుకోవడం లాంటిదే. ఏళ్ళ తరబడి సాధన కావాలి. సాధనకి తీరిక కావాలి. తీరిక ఎవరిది?

మా ఇంట్లో టీవీకి తగిలించే వీడియో గేముకి రెండు కంట్రోలర్లుండేవి. ఒకటి అన్నయ్యది, రెండోది వాడి స్నేహితుడిది. నా వంతు వచ్చేసరికి గిన్నెలు సర్దడానికో, చంటిపిల్లని ఆడించడానికో పిలుపు వచ్చేది. ఇది నా ఒక్కదాని కథ కాదని చదువరులకి తెలుసు. ముగ్గు చుక్కల్ని చూడకుండానే కలిపే వేళ్ళకి రెండు కర్రలు లొంగకపోవడానికి కారణం చేతకానితనం కాదు, పంచని కాలం.

చేతి కొలత సంగతీ ఉంది. 2001లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌తో వచ్చిన కంట్రోలర్ మరీ పెద్దది. జపాన్ మార్కెట్ కోసం చిన్నది చేశారు, తర్వాత అదే అన్నిచోట్లా ప్రమాణమైంది. చిన్న చేతులు అమెరికాలో, ప్రతి ఇంట్లో ముందునుంచే లేవా? చూపుడువేలి కింది బటన్ పేరు ట్రిగ్గర్ అని, ఆ పేరూ ఆకారమూ తుపాకీవేనని కూడా గమనించాలి.

2020 నాటి ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో కర్తలు స్త్రీలే, ఎల్లీ, ఆబీ. ఒకచోట నిస్సహాయంగా ఉన్న నోరాని ఎల్లీ కొట్టాలి. మనం చదరం బటన్ నొక్కితే తప్ప కథ కదలదు. హింసలో మన వేలికున్న వాటాని గుర్తుచేసే ఈ దృశ్యం నిజాయితీ గలదే. కానీ నొక్కకుండా ఉండే దారి లేదు. కెరోల్ షా ఒక్క బటన్‌తో ఇచ్చిన వెసులుబాటుని ఇన్ని బటన్లూ ఇక్కడ ఇవ్వలేదు. అదే ఆటలో మరో మేలు జరిగింది. ఒక్క చేత్తో ఆడగలిగేలా బటన్లన్నీ మార్చుకునే వీలుతో సహా అరవైకి పైగా సౌలభ్యాలు పెట్టారు. 2018లో వికలాంగుల కోసం వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ కూడా ఇలాంటిదే. ఎవరి చేతులు అన్న ప్రశ్నకి దారి చూపింది వికలాంగ ఉద్యమాలే. ఆ దారి మనకీ పనికొస్తుంది.

కంట్రోలర్ లేకుండా ఒక్క వేలితో ఆడే క్యాండీ క్రష్ వంటి ఫోన్ ఆటల్ని 'కాలక్షేపం' అని పక్కనపెట్టేస్తారు. ఈ మాట మనకి కొత్త కాదు. 1960, 70 దశకాల్లో వారపత్రికల్లో స్త్రీలు రాసిన నవలల్నీ, వాటిని పొయ్యి దగ్గర చదివిన పాఠకురాళ్ళనీ ఇదే మాటతో కొట్టిపారేశారు. ముక్కలు ముక్కలుగా దొరికే కాలంలో ఇమిడే రూపాన్ని తక్కువ రూపమనడం పాత అలవాటు. ఆ ఆటలు మన తీరికనీ డబ్బునీ ఎలా పిండుతున్నాయో తప్పక విమర్శించాలి, వాటిని ఆడే స్త్రీలని కాదు.

అందుకే ఇకముందు ఒక ఆటని పరిశీలించేటప్పుడు నాయిక ఎవరు, ఎలా ఉంది అన్నవాటితోపాటు మరో మూడు ప్రశ్నలు చేర్చుకుందాం. ఆమెకి ఏ క్రియలిచ్చారు? వద్దనుకునే వీలుందా? ఆ క్రియలు నేర్చుకునే తీరిక ఎవరికుంటుందని అనుకున్నారు?