కటారి వారి ఇంటిభాష

1958 ఏప్రిల్ 22వ తేదీన సర్ స్టీఫెన్ కార్లిల్ దొరగారి నుండి బాధ్యతలు స్వీకరించి, భారత నౌకాదళమునకు తొలి భారతీయ అధిపతియైన వైస్ అడ్మిరల్ రామదాసు కటారి గారు 1911లో చెంగల్పట్టులో జన్మించిరి. ఈ ఊరిపేరును పట్టుకొని కొందరు ఆయనను తమిళులందురు. ఇంటిపేరును పట్టుకొని మనవారు తెలుగువారందురు. ఇరువాదములలోను తొందరపాటు కలదు. మనవారి పక్షమే నిజమునకు దగ్గరయని మా తలంపు. కాని అది నిలువవలెనన్న ఇంతకంటె గట్టిగా వాదింపవలెను.

ముందు ఊరి సంగతి. నాటి చెంగల్పట్టు జిల్లా చెన్నపట్టణమును చుట్టుకొని, ఉత్తరమున తెలుగు సీమను తాకుచుండెడిది. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాలలో తెలుగు పల్లెలుండెడివి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సవరించినపుడు సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు పోయినది. గడప దాటకుండనే రాష్ట్రము మారిన కుటుంబములవి. ఆ మరునాడు వారి వంటింటి మాట మారినదా?

ఇక ఇంటిపేరు. కటారి యనగా బాకు. ఆ మాట తమిళమునందును, హిందీయందును కలదు గనుక, మాట మనదనుటవలన ఏమియు తేలదు. ఇంటిపేరు గలిగియుండుట, దానిని ముందు చెప్పుకొనుట మన ఆచారము. తమిళులు తండ్రిపేరు మొదటి అక్షరముతో సరిపెట్టుకొందురు. 'కటారి' అను ఇంటిపేరు గలవారు తెలుగునాట నేటికిని ఉన్నారు. మనవాడుకలో కటారి రామదాసు కావలసిన పేరు, ఆంగ్లపు వరుసలో వెనుక ముందై, చివర రెండు సకారముల 'దాస్'తో రికార్డులకెక్కినది. వాదించువారు ఈ వరుసను గమనింపక, బాకును మాత్రమే పట్టుకొనిరి!

గుమాస్తాగిరిలో మేము సర్వీసు రిజిస్టర్లు చాల చూచితిమి. పుట్టిన ఊరు చూచి మాతృభాష గడి నింపుట కచేరీలలో క్రొత్తగాదు. ఎదుట నిలిచిన మనిషినడుగుటకు అరనిమిషము పట్టును. ఆ అరనిమిషము ఎవరికిని ఉండదు. జీవితచరిత్రలు వ్రాయువారును ఆ గడినే నకలు తీయుచున్నారు.

కటారి గారి బాల్యము హైదరాబాదులో గడచినది. అచ్చటి వీధిలో దక్కనీ ఉర్దూ. 1927లో డఫరిన్ శిక్షణనౌక తొలి జట్టులో చేరిరి; అక్కడ అంతయు ఆంగ్లము. పిదప హుగ్లీనది సర్వే, అనగా వంగదేశము. తుదకు బర్మాలో రాయబారి. ఆ రంగూనులో మనవారిని కోరంగి రేవు పేరిట 'కోరంగీలు' అని పిలిచెడివారు. అచ్చటినుండి తిరిగివచ్చిన కుటుంబములు మా పెరంబూరు ప్రక్కన వ్యాసర్‌పాడిలోనే ఉన్నవి. 1982లో వెలువడిన ఆయన స్వీయచరిత్ర ఆంగ్లరచన. ఇవి చెవినిబడిన భాషలు, ఉద్యోగపు భాషలు. ఇంటిభాషకు ఇవి సాక్ష్యములు కావు.

ఒక్క పెద్దమనిషిని గూర్చి ఇంత రచ్చ ఏలయని అడుగవచ్చును. పెరంబూరు రైల్వే కార్ఖానాలను, మిల్లులను నమ్ముకొని వచ్చిన తెలుగు కుటుంబములలో మూడవ నాల్గవ తరము వారిక్కడనే పుట్టిరి. పుట్టిన ఊరే భాషయైనచో వారందరు కాగితము మీద తమిళులే. 2006 చట్టముతో తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా తప్పనిసరియైనది. తమిళము నేర్వవలసినదే, అందు మాకు వివాదము లేదు. కాని తెలుగు తరగతి నిలుపుడని అడుగబోవునపుడు ముందు చూపవలసినది తెలుగు పిల్లల లెక్క. గడిలో తప్పు పడినచో ఆ లెక్కయే ఉండదు.

జనాభా లెక్కలవారి నిర్వచనము ఈ చరిత్రకారులకంటె మేలు. బాల్యమున తల్లి బిడ్డతో మాటలాడిన భాషయే మాతృభాషయని వారందురు. తెలిసిన ఇతర భాషలకు వేరు గడి. మన జీవితచరిత్రలలో తండ్రి ఉద్యోగముండును, తాతగారి ఊరుండును, బిరుదములుండును. తల్లి పేరైనను అరుదు. ఆమె ఏ భాషలో జోలపాడెనో, పుట్టింటికి ఏ లిపిలో ఉత్తరము వ్రాసెనో, కొడుకు పెండ్లి శుభలేఖ ఏ భాషలో అచ్చువేయించిరో అడిగినవారు లేరు. కటారి వారి విషయమునను వెదుకవలసినవి ఆ ఉత్తరములు, ఆ శుభలేఖలే.