కర్మ చేసినవాడిదా, పడ్డవాడిదా?

'బుద్ధుడు కూడా కర్మను ఒప్పుకున్నాడు కదా, మరి మనువుకీ ఆయనకీ తేడా ఏముంది?' దళిత విద్యార్థుల సమావేశాల్లో బౌద్ధం మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. అడిగేవాళ్ళలో మార్క్సిస్టులుంటారు, హేతువాదులుంటారు, చర్చికి వెళ్ళే మన పిల్లలూ ఉంటారు. దీన్ని తీసిపారెయ్యడానికి వీల్లేదు. చెడు నడవడి ఉన్నవాళ్ళు కుక్క కడుపునో, పంది కడుపునో, చండాలి కడుపునో పుడతారని ఛాందోగ్యోపనిషత్తు చెప్పింది. ఆ లెక్కన అంటరానితనం అన్యాయం కాదు, శిక్ష. శిక్ష వేసినవాడు కనపడడు. పడ్డవాడే నేరస్తుడు. బౌద్ధం చెప్పే కర్మ కూడా ఇదే అయితే వెలివాడకి దానితో పనేముంది?

అంబేద్కర్ ఈ ప్రశ్నను దాటెయ్యలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు. ఆయన చనిపోయాక 1957లో వచ్చిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' పుస్తకం ముందుమాటలోనే నాలుగు సమస్యలు పెట్టాడు. మూడోది ఇదే. ఆత్మ లేదన్నవాడు కర్మ, పునర్జన్మ ఉన్నాయని ఎట్లా అంటాడు? మోసుకుపోయే ఆత్మే లేనప్పుడు పోయిన జన్మ పాపం ఈ జన్మకి ఎవరి నెత్తిమీద వస్తుంది? బుద్ధుడి కమ్మ నియమం లోకంలోని నైతిక వ్యవస్థకు సంబంధించిందని ఆయన తేల్చాడు. మనుషులు కుశల కర్మ చేస్తే ఆ వ్యవస్థ మంచిగా ఉంటుంది, అకుశల కర్మ చేస్తే చెడుతుంది. పూర్వజన్మ సిద్ధాంతం పేదల దుస్థితికి రాజ్యమూ సమాజమూ జవాబు చెప్పకుండా తప్పించుకోడానికే పనికొస్తుందని కూడా అన్నాడు. ఇది బుద్ధుడి ధమ్మం కాదు, అంబేద్కర్ ధమ్మం అని కొందరు పండితులు పెదవి విరిచారు.

నికాయాలు తెరిచి చూస్తే ఆ పెదవి విరుపు అంత తేలిగ్గా నిలబడదు. అంగుత్తర నికాయంలో బుద్ధుడు చేతనను, అంటే తలపెట్టి పూనుకోవడాన్ని, కమ్మ అన్నాడు. దాంతో కర్మ పుట్టుక దగ్గర్నుంచి లేచి చేసేవాడి సంకల్పం దగ్గరికొచ్చింది. సంయుత్త నికాయంలో సీవకుడు అనే పరివ్రాజకుడు అడుగుతాడు, మనిషి పడే బాధంతా పూర్వకర్మేనా అని. కాదంటాడు బుద్ధుడు. పైత్యం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసి రావడం, రుతువుల మార్పు, ఒంటిని జాగ్రత్తగా చూసుకోకపోవడం, బయటి నుంచి పడ్డ దెబ్బ, ఇన్ని చెప్పాక ఎనిమిదోదిగా కర్మ ఫలాన్ని చెప్తాడు. అంగుత్తరలోనే ఇంకోచోట, అంతా పూర్వకర్మే అనేవాళ్ళని నిలదీస్తాడు. అట్లయితే హంతకుడు కూడా పూర్వకర్మ వల్లనే చంపాడనాలి కదా, అప్పుడు ఇది చెయ్యాలి, ఇది చెయ్యకూడదు అనడానికి చోటెక్కడ అని. పుట్టుకతో ఎవడూ నీచుడు కాడు, చేతతోనే అవుతాడని వసల సుత్తం చెప్తుంది.

అయితే మన వాదనకి అడ్డొచ్చే పాఠాన్ని దాచిపెట్టకూడదు. మజ్ఝిమ నికాయంలో చూళకమ్మవిభంగ సుత్తం ఉంది. సుభుడనే బ్రాహ్మణ యువకుడు, మనుషుల్లో ఈ ఎక్కువ తక్కువలు ఎందుకని అడుగుతాడు. గర్వంతో మిడిసిపడ్డవాడు తక్కువ కులంలో పుడతాడని, దానం చెయ్యనివాడు పేదవాడవుతాడని జవాబు. ఇలాంటివి తర్వాతవాళ్ళు కలిపినవని అంబేద్కర్ వైఖరి. నాకు ఆ దారి పూర్తిగా సరిపోదు. నచ్చనిదల్లా ప్రక్షిప్తం అంటే రుజువు చెయ్యడం కష్టం, ఎదుటివాడు మనకి నచ్చినదాన్ని కూడా అదే మాటతో కొట్టేస్తాడు. అంబేద్కరే ఇచ్చిన ఇంకో కొలబద్ద గట్టిది. హేతువుకి నిలవనిదాన్ని, మనిషి మేలుకి పనికిరానిదాన్ని బుద్ధుడికి అంటగట్టొద్దన్నాడు. నికాయాల్లో రెండు గొంతులున్నాయని ఒప్పుకుని, ఈ కొలబద్దతో ఒకదాన్ని ఎంచుకుంటున్నామని బాహాటంగా చెప్పుకోవడమే నిజాయితీ.

ఇంకో సంగతి. సుభుడికి చెప్పిన మాట పైనున్నవాడికి చేసిన హెచ్చరిక. అదే మాట కిందున్నవాడి చెవిన పడితే తీర్పు అవుతుంది. ఇది నాకు పుస్తకాలకన్నా ముందు మా ఇంట్లో తెలిసింది. నాట్లకీ కలుపుకీ పోయి నడుం పట్టేసి ఇంటికొచ్చిన మా అమ్మ 'నా ఖర్మ' అనేది. అందులో సిద్ధాంతం ఏమీ లేదు, అలసట ఉంది. తెల్లారితే కూలి రేటు కోసం ఆసామితో పోట్లాడేదీ ఆవిడే. ఆ ఆసామి 'మీ ఖర్మకి నేనేం చేసేది?' అన్నప్పుడు మాత్రం అది సిద్ధాంతమే. మాట ఒకటే. ఎవరు ఎవరిని అంటున్నారన్నదే తేడా.

ఈ తేడాని చుండూరు ముందు పెట్టి చూద్దాం. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. పూర్వజన్మ కర్మ నమ్మేవాడు ఇక్కడ చచ్చిపోయినవాళ్ళ పాపాన్ని వెతకాలి. బుద్ధుడి చేతనను పట్టుకున్నవాడు కత్తి పట్టినవాడి సంకల్పాన్ని వెతుకుతాడు. నేరం ఎక్కడుందో చూపించే ఈ మార్పే మనకి బౌద్ధ కర్మ వల్ల వచ్చే లాభం.

అంతమాత్రాన ఫలం దానంతటదే పండుతుందని కూర్చుంటే మళ్ళీ పాత గోతిలోనే పడతాం. చేసినవాడు ఎప్పటికైనా అనుభవిస్తాడులే అన్న ఓదార్పు ఆసామికి సుఖం, కోర్టుకి సుఖం. నైతిక వ్యవస్థ మనుషుల చేతల మీదే నిలబడుతుందన్న అంబేద్కర్ మాటలో, సాక్షి చెప్పే సాక్ష్యం, వకీలు వాదన, ఊరు విడిచి శిబిరంలో ఉన్నవాళ్ళ పట్టుదల, అన్నీ కర్మే. మన అధ్యయన తరగతుల్లో సీవకుడి సుత్తాన్నీ సుభుడి సుత్తాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. ప్రతి వాక్యాన్నీ ఒకటే అడగాలి: ఇది చేసినవాడిని పట్టిస్తోందా, పడ్డవాడి నోరు మూయిస్తోందా?