విద్యార్థివేతనమును ఋషిఋణమును

మనుష్యుడు మూడు ఋణములతో జన్మించునని మన పూర్వులు చెప్పిరి. అందు ఋషిఋణము ధనముచే తీరునది కాదు, అధ్యయనముచేతనే తీరవలయును. ఒక పల్లెలోని జనులు తమలో తాము చందాలు వేసికొని యొక బాలుని సీమచదువునకు పంపినచో, ఆ బాలుడు మోయునది యే ఋణము? ఈ ప్రశ్నకు సంబంధించిన పశ్చిమాఫ్రికా గ్రంథములు రెండింటిని జతపఱచి చదువుట మన గృహములకు ప్రయోజనకరమని తలంచుచున్నాము.

మొదటిది గినీదేశీయుడగు కమారా లాయె ఫ్రెంచిభాషయందు రచించి 1953లో ప్రకటించిన 'లాన్ఫాన్ నువార్' అను బాల్యకథ. కూరూసా యను నూర కమ్మరము, బంగారుపని చేయు తండ్రి కొలిమియొద్ద పెరిగిన బాలుడు స్థానికపు బడిలో చదివి, కొనాక్రీ నగరమందలి పారిశ్రామిక పాఠశాలకు పోయి, పరీక్షయందు ప్రథముడై, ఫ్రాన్సున చదువుటకు వేతనము పొందును. కుమారుడు తన కొలిమికి మరలి రాడని యెఱిగియు తండ్రి సమ్మతించును. తల్లి సమ్మతింపదు; ఆమె కోపమును, దుఃఖమును రచయిత యలంకారములు లేక చెప్పినందుననే మనసును తాకుచున్నవి. బడిని సైత మాయన స్వర్గముగ వర్ణింపలేదు. పెద్దపిల్లలు చిన్నవారిని కొట్టి తిండి లాగుకొనుటను దాచలేదు. కాని ప్రయాణముతోనే గ్రంథము ముగియును. చదువునకు తల్లి చెల్లించిన వెల యెంతయో మనకు తెలిసినది; చదివినవాడు ఊరికి చెల్లింపవలసిన దేమో తెలియలేదు.

ఆ మిగిలిన ప్రశ్నను నైజీరియా రచయిత చినువా అచెబె 1960లో ఇంగ్లీషున వెలువరించిన 'నో లాంగర్ ఎట్ ఈజ్' అను నవలలో చేపట్టెను. ఉమువోఫియా గ్రామస్థుల సంఘమువారు తమపై తామే పన్ను విధించుకొని ఓబీ ఒకాంక్వో యను యువకుని ఇంగ్లండునకు పంపుదురు. దానికి వేతనమని పేరు. నిజమునకది 800 పౌనుల అప్పు, తిరిగివచ్చిన నాలుగేండ్లలో తీర్చవలసినది. పొరుగూళ్లతోడి భూమితగాదాలలో వాదించుటకై వారికి న్యాయవాది కావలసియుండెను. ఓబీ సాహిత్యము చదివి వచ్చెను. వారు తమ ముదుపునకు ఫలముగ మంచి దుస్తులను, మోటారుకారును, తమవారికి ఉద్యోగములను గోరిరి. నీవు నేర్చినదానిలో మాకేమి నేర్పుదువని యొక్కరును అడుగలేదు.

ఈ నవలయందలి ప్రధానశిల్పము కథానాయకుని ఉద్యోగములో నున్నదని మా యభిప్రాయము. ఓబీ పనిచేయునది విద్యార్థివేతనములను పంచు కార్యాలయముననే. అప్పు కంతులు, తమ్ముని బడిజీతము, తల్లి వైద్యము, హోదాకు తగిన యాడంబరము చుట్టుముట్టగా, తుద కతడు లంచము తీసికొని పట్టుబడును. తాను లోనికి వచ్చిన ద్వారమునే యతడు విక్రయించెను. పల్లెవారు పైసలతో లెక్కించిన ఋణమును పైసలతోనే తీర్పబోయి, ఋషిఋణమును ఎగవేసెను. ఐనను దోషము వానియొక్కనిది కాదు. విద్యను వడ్డీవ్యాపారముగ చేసినవారిదియు నగును.

సంస్కారప్రియులు గమనింపవలసిన విషయ మింకొకటి కలదు. ఓబీ ప్రేమించిన క్లారా ఇంగ్లండున నర్సువిద్య నేర్చినది. కాని దేవతకు అంకితులైనవారి వంశమున పుట్టిన 'ఓసు' యగుటచే అంటరానిది. క్రైస్తవధర్మమును బోధించిన తండ్రియు అడ్డుపడును. ఈ పెండ్లి యైనచో ప్రాణము తీసికొందునని తల్లి బెదరించును. చదువు కొడుకును సముద్రము దాటించినది, కాని ఇంటిగడప దాటింపలేకపోయినది. ఇది మనకు పరాయికథ కాదు.

లోపమును చెప్పవలయును. ఉన్నతశ్రేణిలో పరీక్ష నిచ్చి, యోగ్యతమాత్రము చాలదేమో యని భయపడి, ఓబీ యింటికి వచ్చిన ఎల్సీ యను బాలికను రచయిత కొలది పుటలతో విడిచిపెట్టెను. ఆ బాలికకు వేతనమెంత యవసరమో, దానికై లోక మామెను ఏ వెల యడుగునో చెప్పినచో గ్రంథము మరింత పూర్ణమై యుండెడిది.

అచెబె స్వానుభవమును స్మరింపదగినది. ఆయన 1948లో ఇబదాన్ విశ్వవిద్యాలయ కళాశాలలో వైద్యము చదువుటకు వేతనముతో చేరి, సాహిత్యమునకు మరలుటతో దానిని కోల్పోయెను. ఇష్టమైన చదువును ఎన్నుకొన్నందులకు వేతనము పోగొట్టుకొనుట యెట్టిదో ఎఱిగియే, ఓబీ చదువుపై ఊరివారు పెట్టిన ఆశలను ఆయన వర్ణించెను.

ఈ గ్రంథములు చదివినవారు వేతనములు వ్యర్థములని తలంపరాదు. తలంపవలసినది, ఒక్కని నెన్నుకొని ఊరి యాశలన్నియు వాని మూపున మోపుట న్యాయమా యని. ఆ ప్రాంతముల ప్రభుత్వములును వేరుమార్గము పట్టినవి: 1952లో గోల్డ్‌కోస్టున ప్రాథమికవిద్యకు జీతము తీసివేయబడెను, 1955లో పశ్చిమ నైజీరియాలో ఉచిత ప్రాథమికవిద్య ఆరంభమయ్యెను, 2017లో ఘానా ప్రభుత్వము ఉన్నతపాఠశాలలకును దానిని విస్తరించెను. ఊరిబడి అందఱిదైన నాడు చదువుకొన్నవాడు ఊరి కొక్కడే యుండడు, ఊరివారు వానియొద్ద కారును గోరవలసిన పనియు నుండదు. ఈ రెండు గ్రంథములును తెలుగువారు చదువదగినవి. మొదటిదానిని తల్లులును, రెండవదానిని కుమారుల చదువునకు లెక్కలు వ్రాసియుంచు తండ్రులును చదువుదురుగాక.