కప్ప యింట రాగి గిన్నె

సిడ్నీలో కాపురమున్న మా మేనల్లుడు ఈ వారము పంపిన ఛాయాచిత్రము నాకెంతటి సంతోషము కలిగించినదో ఈ శీర్షికను ఏండ్ల తరబడి చదువుచున్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు. రెండడుగుల యెత్తు గల గాజుపెట్టె. అందు నాచు, ఫెర్ను మొక్కలు, అడ్డముగ నిలిపిన యొక కొమ్మ. ఆ కొమ్మపై కాళ్లు నాలుగును పొట్టక్రిందికి ముడిచికొని, బంగారువన్నె కన్నులు సగము మూసి, లేత అరటాకు చాయతో కూర్చున్న ఆస్ట్రేలియా చెట్టుకప్ప. దాని క్రింద, చింతపండుతో తోమిన మెరుపు తగ్గక, నిండ నీటితోనున్న వెడల్పాటి రాగి గిన్నె. ఆ గిన్నె మా అక్కయ్యకు సారెలో వచ్చినది. సిడ్నీ గల న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున కప్పను పెంచుటకు ప్రభుత్వానుమతి కావలెను. అదియు పొందియే, పంజరములో పుట్టి పెరిగిన కప్పను తెచ్చుకొనిరి. "కప్పకు కూడ మన రాగినీళ్లే మావయ్యా!" అని చిత్రము క్రింద వ్రాసినాడు.

కుండ, కంచు, రాగి, వెదురు అనెడి ఈ నాలుగింటి పక్షమున నేనిచ్చట ఎన్ని మారులు వాదించితినో, ప్లాస్టిక్కు మన వంటయిండ్లలో జొరబడిన తీరును ఎన్ని మారులు దుయ్యబట్టితినో పాఠకులెరుగుదురు. రాగిపాత్రలో రాత్రంతయు నిలిపిన నీటియందు రోగకారక సూక్ష్మజీవులు నశించుననుట ప్రయోగశాలలలోను రుజువైనది. కావున ఆ గిన్నె సముద్రములు దాటి యొక మూగజీవికి సయితము ఉపకరించుచున్నదని ప్రశంసావాక్యములతో ఈ వ్యాసమును ఆరంభింపబోవుచుండగా, ఆ చిత్రముతోపాటు వచ్చిన ఉత్తరము చివర మనుమరాలు పెన్సిలుతో వ్రాసిన రెండు పంక్తులు కంటబడినవి: "తాతయ్యా, మా కప్ప నోటితో నీళ్లు తాగదు. ఊరికే గిన్నెలో కూర్చుంటుంది."

ఆ పిల్ల చూచిన సంగతినే రెండు శతాబ్దములకు పూర్వము జర్మనీలోని గొట్టింగెన్ పట్టణమున రాబర్టు టౌన్సన్ అనెడి ఆంగ్లేయుడు కిటికీయొద్ద చెట్టుకప్పలను పెంచుచు, మిక్కిలి ఓర్పుతో పరీక్షించి లోకమునకు తెలిపెను. రెండు కప్పలకు డేమన్, మ్యూసిడోరా అని పేర్లు పెట్టుకొనిన ఆ సహృదయుడు, బల్లపై నాలుగు నీటిచుక్కలు చల్లినంతనే అవి వచ్చి ఆ తడికి దేహమును అదిమికొని పరుండుటయు, వాడి వ్రేలాడుచున్న వాటి చర్మము కొంతసేపటికే నిండుగ పొంగుటయు గమనించెను. రాత్రియంతయు నీటిలో దిగని యొక కప్పను తూచి, నీటిలో విడిచి, అరగంట పిమ్మట మరల తూచి, అది తన బరువులో సగమునకు దాపుగ నీటిని పీల్చుకొనినదని నిర్ధారించెను. తడిపిన అద్దుడు కాగితముపై కూర్చుండబెట్టినను అవి ఆ కాగితమునుండి నీటిని లాగుకొనెడివి. ఆ పని చేయునది వీపు కాదు, ముఖ్యముగ పొట్ట అడుగుభాగము. శీతకాలములో ఈగలు దొరకవని శరదృతువునందే కూడబెట్టి, చచ్చిన ఈగను మ్యూసిడోరా యెదుట నుంచగా అది కన్నెత్తియు చూడలేదట. ఆయన ఊపిరితో ఈగను కదిల్చినంతనే ఎగిరి మ్రింగెనట! తన ఊపిరితో ఈగకు ప్రాణమున్నట్లు భ్రమ కల్పించి కప్ప కడుపు నింపిన ఆ మనుష్యుని తలచుకొనినప్పుడెల్ల నాకు ఆదరము పెరుగుచునే యుండును. 1794, 95 సంవత్సరములలో ఈ పరిశీలనములను గొట్టింగెన్‌లోనే ప్రకటించిన టౌన్సన్, 1807లో న్యూ సౌత్ వేల్సునకు వలసపోయి, 1827లో సిడ్నీ సమీపముననే కన్నుమూసెను. మా మనుమరాలి కప్ప ఆయన పెంచిన కప్పలకు దూరపు చుట్టము మాత్రమే గాని, కూర్చుండి నీరు త్రాగు విద్య ఒక్కటే.

పొట్టయే నోరైన ప్రాణి యెదుట నుంచిన గిన్నె మనకు మంచినీటి పాత్ర వంటిది కాదు. ఆ ప్రాణి అందు గంటల తరబడి దేహము మోపి యుండును. పైగా కప్ప తన బొగ్గుపులుసు గాలిని ఎక్కువగ చర్మము ద్వారముననే విడుచునని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆగస్టు క్రోగ్ 1904లో కొలిచి చూపెను. అట్టి చర్మము మంచిచెడ్డలను వేరుచేయలేదు. నీటిలో కరగినది లోనికి పోవును. రాగి సూక్ష్మజీవులను చంపు గుణమే మైలతుత్తమును సున్నముతో కలిపి తోటలపై చల్లు బోర్డో మిశ్రమమున బూజు తెగుళ్లను చంపుచున్నది. ఆ రాగియే స్వల్పమాత్రముగ నీట కరగినను తోకకప్పలను చంపును. దేనికొరకు రాగిని నేను మెచ్చితినో దానికొరకే దానిని కప్ప యింటినుండి తొలగింపవలసి వచ్చినది.

ఈ మాట మరింత తేటపడుటకు ఇంకొక ఉదాహరణము కలదు. చెదపురుగు తినని కర్రకై 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో శొంఠి కామేశం గారు రాగి, క్రోమియము, పాషాణముల లవణములు కలిపిన ద్రవమును కనిపెట్టిరి. ఆ ద్రవము పట్టించిన స్తంభములు దేశదేశముల మన్నులో పాతబడి దశాబ్దముల తరబడి పుచ్చక నిలిచినవి. ఎన్ని అడవులు గొడ్డలిపాలు గాక మిగిలినవో ఊహింపవచ్చును. నాకు ఆ కృషియందు గొప్ప గౌరవము. పాషాణభయముచే 2003 అంతముతో అమెరికాలో ఇండ్లకు అట్టి కర్ర వాడుక నిలిచిపోయినను, పాతకర్ర ఇంకను చేతులు మారుచునే యున్నది. ఆకుపచ్చని ఛాయ గల పాతపలకను అందముగ నున్నదని కప్పపెట్టెలో అమర్చువారు చెద పట్టని కర్ర ఎందుకు చెద పట్టదో ముందుగ ఆలోచింపవలెను.

బూజు పట్టదు, పురుగు ముట్టదు, తుప్పెక్కదు అని అంగడివాడు పొగడినప్పుడెల్ల ఈ ప్రశ్నయే వేయవలెను. గాజుపలకలనతుకు సిలికాన్‌లో స్నానపుగదులకై బూజుమందు కలిపినది వలదు. చేపతొట్టెలకని అమ్మునది కొని, ఆరుచున్నప్పుడు వచ్చెడి సిర్కా వాసన పూర్తిగ పోవువరకు ఆగవలెను. మూతకు తుత్తునాగపు పూత గల ఇనుపవల పనికిరాదు. అందులోని తుత్తునాగము తడికి కరగును, ఆ తీగెల మీదికి దూకి దూకి కప్ప మూతి ఒరసికొనిపోవును. సీడారు చెక్కపొట్టు సువాసనయు చర్మమునకు హానియే. అడుగున పరచుటకు కడియము నర్సరీలలో వాడెడి కొబ్బరి పొట్టు శ్రేష్ఠము, కాని ఎరువు కలపనిది, ఉప్పు పోవునట్లు పలుమార్లు కడిగినది కావలెను. చిన్న గులకరాళ్లు మేతతోపాటు కడుపులోనికి పోయి ప్రేగున అడ్డుపడును. రాయి కప్ప తలకంటె పెద్దదిగ నుండవలెను.

మరి గిన్నె? మట్టిపాత్ర సూచింతునని పాఠకులనుకొందురు. పూతలేని మట్టి ప్రతి రంధ్రములోను మలినమును, కడిగిన సబ్బును దాచుకొనును. ఆ సబ్బు తిరిగి కప్ప చర్మమునకే చేరును. గాజుగిన్నె మంచిదే గాని, దినదినము నీరు మార్చవలసిన పసిచేతులనుండి జారును. కావున ఆహారపదార్థములు నిలువచేయుటకు తగిన ప్లాస్టిక్ తొట్టి యొకటి లోతు లేనిది కొని, సబ్బు లేకుండ వేడినీటితో కడిగి, చల్లారిన పిమ్మట ఉంచుమని మేనల్లునకు వ్రాసితిని. ప్లాస్టిక్కుపై నా అభిప్రాయము మన అన్నము, మన పచ్చళ్లు, మన మంచినీళ్ల విషయమున అణుమాత్రము మారలేదు. ఈ జీవికి మాత్రము, దేనితోను కలియక, దేనిని చంపక ఊరకుండు వస్తువే హితము.

నీటి విషయమునను ఇదే వరుస. కుళాయినీటిలోని క్లోరిన్ మనలను కాపాడునది, కప్ప చర్మమును బాధించునది. ఒక దినము విప్పారిన పాత్రలో నీటిని నిలువబెట్టినచో క్లోరిన్ పోవును గాని, కొన్ని యూళ్లలో కలిపెడి క్లోరమైన్ అట్లు పోదు. దానిని విరుగగొట్టు మందు చేపతొట్టెల అంగళ్లలో దొరకును. తమ వీధి కుళాయిలో ఈ రెంటిలో ఏది వచ్చుచున్నదో నీటి సరఫరావారినే అడిగి తెలిసికొమ్మని, తెలిసిన పిమ్మటనే తొట్టి నింపుమని ఉత్తరములో చేర్చితిని.