బాలుర బుద్ధివికాసము: వీధిబడి సాక్ష్యము

బాలుని ఆలోచన ఏ క్రమమున వికసించునను ప్రశ్నకు సమాధానముగా మన విద్యాగ్రంథములందు రెండు సిద్ధాంతములు ప్రధానముగా కనబడుచున్నవి. ఒకటి స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు ఝాన్ పియాజె (1896–1980) ప్రతిపాదించినది; రెండవది రష్యా శాస్త్రజ్ఞుడు లెవ్ వైగోట్‌స్కీ (1896–1934) ప్రతిపాదించినది. ఇవి పరీక్షలకొరకు చదువబడుచున్నవే గాని, మన బడుల చరిత్రతో పోల్చి చూచుట అరుదు. అందులకు తగిన సాక్ష్యము మన సీమలోనే కలదు.

మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయవిద్యను గూర్చి కలెక్టరులను నివేదికలు కోరెను. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన ఏ.డి. కాంబెల్ అప్పుడు బళ్లారి కలెక్టరు. నేడు కర్నూలు జిల్లాలోనున్న ఆదోని, ఆలూరు ప్రాంతములు 1953 వరకు బళ్లారి జిల్లాలోనివే. 1823 నాటి అతని నివేదికలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు లెక్కకు వచ్చిరి. అందు తెలుగుబడులు 226. ఐదవయేట బడిలో చేరిన బాలుడు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. పై చదువు చదువువాడు క్రిందివానికి నేర్పుచు తన చదువును గట్టిపఱచుకొనును. ఈ పద్ధతిని కాంబెల్ మెచ్చుకొనెను. కాని పాఠ్యగ్రంథములన్నియు పద్యమయములనియు, వాని భాష వాడుకకు దూరమనియు, అర్థమెఱుగకయే బాలురు వానిని అప్పగించుచున్నారనియు ఆక్షేపించెను.

పియాజె మతమున బుద్ధివికాసమునకు నాలుగు దశలు కలవు. వెడల్పు పాత్రలోని నీటిని సన్నని పొడవు పాత్రలో పోసినచో, ఏడేండ్లలోపు బాలుడు నీరు పెరిగినదనును. సుమారు పదునొకండేండ్ల వరకు ప్రత్యక్షవస్తువుల ఆధారముననే తర్కించును. ఈ దృష్టితో చూచినచో ఐదారేండ్లవానికి నీతిపద్యభావము అందదనియు, వల్లెవేత వ్యర్థమనియు తేలును. ఈ తీర్పును యథాతథముగా గ్రహింపరాదు. 1969లో ప్రకటితమైన ఒక పరిశోధన మెక్సికోలోని కుమ్మరివారి పిల్లలను పరీక్షించినది. మట్టిముద్ద ఆకారము మారినను పరిమాణము మారదని వారు తక్కిన పిల్లలకంటె బాగుగా గ్రహించిరి. చివరి దశ అందఱియందు ఒకే వయస్సున, ఒకే విషయమున కనబడదని పియాజెయే 1972లో అంగీకరించెను. కావున కళ్లములో జొన్నలను పడితో కొలుచుట చూచుచు పెరిగిన బాలుని శక్తిని జెనీవా పిల్లల వయఃక్రమమును బట్టి నిర్ణయించుట తొందరపాటు.

వైగోట్‌స్కీ దృష్టి వేఱు. బాలుడు ఒంటరిగా చేయలేనిది, తెలిసినవాని తోడ్పాటుతో చేయగలుగును. ఈ రెంటి నడిమి అంతరమే బోధనకు తావు. కాంబెల్ మెచ్చిన పద్ధతి ఈ సూత్రమునకు ఉదాహరణమువలె తోచును. పూర్వపు బడులను కీర్తించువారు ఇంతటితో ఆగుదురు. అయితే పెద్దపిల్లవాడు తనకు అర్థముకాని పద్యమునే చిన్నవానికి నేర్పినచో వానికి అందునది ధ్వని మాత్రమే. మాట ఆలోచనకు సాధనమని చెప్పినవాడును వైగోట్‌స్కీయే. అర్థములేని మాట ఆ పని చేయజాలదు.

ఇందువలన జ్ఞాపకశక్తిని నిందింప పనిలేదు. ఎక్కములు కంఠస్థము చేసిన బాలుడు వానిని అంగడిలో వాడుకొనును. వానికి వాని జీవితములో పని కలదు. పద్యమునకు అట్టి దారి ఏర్పడకుండుటయే వీధిబడి లోపము. ఆ దారి బాలుని ఇంటిమాటయే. వయస్సు, తోడ్పాటు రెండును ఆ మాట ద్వారముననే ఫలించును.

ఈ ప్రశ్న పద్యములతో ముగియలేదు. ఆదోని ప్రాంతమున ఇంట కన్నడమో ఉర్దువో మాటలాడి బడిలో తెలుగు చదువు పిల్లలు కలరు. ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు గల పిల్లలు అన్నిచోట్లను కలరు. వీరు పాఠమును తడుముకొనక అప్పగించినంతమాత్రమున గ్రహించిరని చెప్పరాదు. పరిశోధకులు దశల పట్టికలను అన్వయించుటకు ముందు, బాలుడు ఏ భాషలో లెక్కించుచున్నాడో, ఏ భాషలో ప్రశ్నించుచున్నాడో ఊరూర సేకరింపవలెను. అది లేనిదే ఏ సిద్ధాంతమును మన బాలుని గూర్చి ఏమియు చెప్పజాలదు.