సాదిక్ ఉత్తరంలో ఆఖరి వాక్యం

మా ఎదురింటి అమ్మాయి బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. సెలవులకు వచ్చి ఈ వారం మా ఇంటికొస్తే, పరీక్షలూ మార్కులూ వదిలేసి కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్‌మాతొవ్ గురించి అడిగాను. "అలా-తో మైదానంలో ఆయన విగ్రహం ఉంది మావయ్యా, దాని దగ్గర ఫొటోలు దిగుతుంటాం" అంది. ఆయన రాసిందేదీ చదవలేదంది. బీరువాలోంచి ఆయన 'జమీల్యా' తీసి చేతిలో పెట్టాను. మర్నాడు పొద్దున్నే చదివేసి వచ్చింది. ఈ మధ్య నాకింత సంతోషం కలిగించిన విషయం మరోటి లేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా వాదన కొత్తది కాదు. పుస్తకం మనల్ని పరాయి దేశానికి తీసుకెళ్లాలంటే అక్కడి కొండలనూ సాయంకాలాలనూ వర్ణించినంత మాత్రాన చాలదు. అక్కడివాళ్లు ఏం మోస్తారో, ఎంత దూరం మోస్తారో చెప్పాలి. 'జమీల్యా'లో కాలం, జర్మనీతో యుద్ధానికి మూడో ఏడు. కిర్గిజ్ పల్లెలో ఒంట్లో సత్తువున్న మగవాళ్లంతా యుద్ధానికి పోయారు. కళ్లాల్లోని ధాన్యాన్ని బండ్ల మీద రైల్వే స్టేషనుకు తోలే పని జమీల్యా మీదా, కుర్రవాడైన ఆమె మరిది సెయిత్ మీదా, కాలికి గాయమై తిరిగొచ్చిన దనియార్ మీదా పడింది. ఒకరోజు వదినా మరిదీ వేళాకోళానికి దనియార్ బండిలో ఏడు పూడ్ల బస్తా ఒకటి వేస్తారు. అతను ఒక్క మాటా అనడు. బస్తా వీపున వేసుకుని కుంటుకుంటూ ధాన్యపు రాశి మీదికి వేసిన బల్ల ఎక్కుతాడు. పడెయ్యమని కింద నుంచి జమీల్యా కేకలు పెడుతుంది. పడెయ్యడు.

ఏడు పూడ్లంటే సుమారు 115 కిలోలు. మన వడ్ల బస్తా 75 కిలోలు. ఆ బస్తా ఎప్పుడైనా ఎత్తినవాళ్లకు, ఎత్తేవాళ్ల పక్కన నిలబడి చూసినవాళ్లకు, ఆ బల్ల మీద పడే ఒక్కో అడుగు ఎలాంటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. కథ జరిగే తలాస్ లోయను నేను కళ్లతో చూడలేదు. ఆ బల్ల వాలు మాత్రం నాకు తెలుసు. ఐత్‌మాతొవ్ దాన్ని ఊహించి రాయలేదు. 1928లో షెకెర్ అనే పల్లెలో పుట్టాడు. యుద్ధకాలంలో, పద్నాలుగేళ్ల వయసులో, గ్రామ సోవియట్ కార్యదర్శిగా పనిచేశాడు.

ఈ మాటకు ఏనుగుల వీరాస్వామయ్యగారిని కూడా సాక్షిగా పిలవాలి. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీగా చేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆ పుస్తకం మొదలుపెట్టి మధ్యలో వదిలేశామని నాతో చెప్పినవాళ్లు చాలామంది. ప్రతి మజిలీలోనూ అవే సంగతులంటారు: దారి ఎలాంటిది, ఊళ్లో అంగళ్లున్నాయా, నీళ్లు మంచివా, దిగడానికి చోటుందా. నాకు వాటిమీదే ప్రాణం. పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని కర్నూలు, హైదరాబాదు, నాగపూరు మీదుగా నడిచే మనిషికి పొద్దుగూకే వేళకు మంచినీళ్లూ బియ్యమూ దొరికిన ఊరే అందమైన ఊరు. రైలు లేని దేశం, వంట చెరుకు కోసం వెతుక్కునే దేశం, వానాకాలంలో వాగు తీసేదాకా కాచుకునే దేశం ఆ పేజీల్లో ఉంది. మన తాతముత్తాతల నేలే అది. అయినా నా లెక్కలో కిర్గిజ్‌స్థాన్ కన్నా చాలా దూరం. ఇప్పుడు నిజామాబాదు నుంచి నాగపూరుకు పొద్దున బయల్దేరి రాత్రికి చేరేవాడికి మధ్యలో ఉన్న నేల ఏమిటో తెలియదు. వీరాస్వామయ్యగారు ఆ నేలను మజిలీ తర్వాత మజిలీగా మన కాళ్ల కింద పరుస్తారు. ప్రకృతి వర్ణనలో మునిగిపోయిన యాత్రాగ్రంథాలు ఎన్ని చదివినా నాకు కాలు నొప్పి తెలియలేదు. ఆయన పుస్తకంలో తెలిసింది.

మా ఎదురింటి అమ్మాయి మాత్రం బస్తా ఊసే ఎత్తలేదు. "సాదిక్ ఏమైపోతాడు మావయ్యా?" అని అడిగింది.

సాదిక్ జమీల్యా భర్త. గాయపడి ఆస్పత్రిలో ఉన్నాడు, త్వరలో ఇంటికి రావాలి. అతని ఉత్తరాల్లో ముందు తండ్రికి, తల్లికి, ఊరి పెద్దలకు, దగ్గరి బంధువులకు వరసగా నమస్కారాలుంటాయి. అన్నీ అయ్యాక, కాగితం చివర, భార్యకు ఒక్క పలకరింపు. మన ఇళ్లలో పెట్టె అడుగున దాచిన పాత ఉత్తరాలు చూసినవాళ్లకు ఈ వరస తెలుసు. చివరికి జమీల్యా దనియార్‌తో ఊరొదిలి వెళ్లిపోతుంది. నేను చదివిన ప్రతిసారీ ఆ ఉత్తరాన్ని సాదిక్ నేరంగానే చదివాను.

"పెద్దవాళ్లందరి ముందూ చదివే ఉత్తరంలో పెళ్లాం పేరు ముందు ఎలా రాస్తాడు?" అంది ఆ అమ్మాయి. "నా క్లాసులో కిర్గిజ్ పిల్లలున్నారు, వాళ్లిళ్లకు వెళ్లాను. పెద్దల ముందు వాళ్లు కూచునే తీరే వేరు. అంతమాత్రాన ప్రేమ లేదంటామా? ఆస్పత్రిలో పడున్న మనిషికి ఒక్క మాటైనా చెప్పి వెళ్లాల్సింది."

ఆ సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది. కూతురు పక్కన పెట్టిన పుస్తకం మధ్యాహ్నం తనూ చదివిందట. "మంచి పని చేసింది అన్నయ్యగారూ ఆ పిల్ల. ఇంకో నెల ఆగుంటే మొగుడొచ్చేవాడు, గడప దాటలేకపోయేది" అంది. చాలా ఏళ్ల కిందట మా వీధిలో ఒక కోడలు ఇలాగే వెళ్లిపోతే, మళ్లీ ఆ అమ్మాయి పేరెత్తనివ్వని మనిషి ఈవిడ. ఇందులో కపటమేమీ లేదు. మా వీధిలో ఆవిడకు ఆ అత్తగారు తెలుసు, ఆ ఇంట్లో కాఫీ తాగింది, ఆ ముసలావిడ ఏడుపు చూసింది. జమీల్యా ఊళ్లో ఆవిడకు ఎవరితోనూ మొహమాటం లేదు. అందుకే అక్కడ తన మనసు చెప్పినట్టు చెప్పగలిగింది. కూతురికి ఆ ఊళ్లో మొహమాటం వచ్చేసింది. ఆ మనుషుల ఇళ్లలో భోజనం చేసిన పిల్లకు సాదిక్ వైపు చూడకుండా ఉండడం సాధ్యం కాలేదు.

దూరాన్ని దగ్గర చేయడమే పుస్తకం పని అని ఇదే పేజీలో ఎన్నోసార్లు రాశాను. బస్తా బరువు మనల్ని ఆ బల్ల దాకా తీసుకెళుతుంది, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. అక్కడికి చేరాక మనకు ధైర్యమిచ్చేది మాత్రం ఆ ఊళ్లో చుట్టాలు లేకపోవడమే. ఎదురింటావిడకు ఆ పల్లె దూరంగానే ఉండాలి. దాన్ని మా వీధి పక్కకు జరిపితే జమీల్యా ఆవిడకు మళ్లీ పరాయిదైపోతుంది.

ఈ దూరం మా తరం చేత ఇంకో పని కూడా చేయించింది. ఉప్పల లక్ష్మణరావు, రారా లాంటివాళ్లు మాస్కోలో ఉండి పుస్తకాలు తెలుగు చేస్తే, విశాలాంధ్ర దుకాణాల్లో కొద్ది డబ్బుకు కొనుక్కుని కళ్లకద్దుకున్నాం. 'జమీల్యా' రష్యాలో అచ్చయింది 1958లో. అప్పటికి ఇరవై ఏళ్ల కిందటే, 1938లో, ఐత్‌మాతొవ్ తండ్రి తోరెకుల్‌ను సోవియట్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఎక్కడ పూడ్చారో కుటుంబానికి తెలియనివ్వలేదు. 1991లో బిష్కెక్ దగ్గర చోన్-తాష్‌లో, పాత ఇటుక బట్టీలో, 130 మందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి. అక్కడే దొరికిన అభియోగపత్రంతో తోరెకుల్‌ను గుర్తించారు. కథలో స్తెప్పీ మైదానంలో దనియార్ పాడిన పాట విన్న మేము, ఆ రచయిత ఇంట్లో తండ్రి ఏడని ఒక్కసారీ అడగలేదు. పక్క ఊరి రచయితైతే అడిగేవాళ్లం.

2008లో ఐత్‌మాతొవ్‌ను కూడా అక్కడే, అత-బెయిత్ స్మారకస్థలంలో, తండ్రికి దగ్గరగా సమాధి చేశారు. ఈ సంగతి చెబితే, బిష్కెక్‌లో ఇన్నాళ్లున్నా ఆ చోటు పేరే వినలేదని ఆ అమ్మాయి దాన్ని ఫోన్‌లో రాసుకుంది. క్లాసులో తలాస్ వైపు అమ్మాయి ఒకతె ఉందట, తనతో కలిసి వెళ్తానంది. "వాళ్ల నానమ్మ ఉంది మావయ్యా, ఆవిణ్నీ అడుగుతాను, సాదిక్‌ది తప్పా జమీల్యాది తప్పా అని." వాళ్లమ్మ పక్కనుంచి, "అందులో అడగడానికేముందే?" అంది.